సర్కారు బాండ్లు కొంటున్నది విదేశీయులా, మన పొదుపా?

భారత ప్రభుత్వ బాండ్ల కోసం విదేశీ ఫండ్లు ఎగబడుతున్నాయని, వాళ్లు తెచ్చే డాలర్ల వల్లే కేంద్రానికి తక్కువ వడ్డీకి అప్పు పుడుతోందని రెండేళ్లుగా ప్రచారం బాగా నడుస్తోంది. 2023 సెప్టెంబరు 21న అమెరికా బ్యాంకు జేపీ మోర్గాన్ ఒక ప్రకటన చేసింది. వర్ధమాన దేశాల ప్రభుత్వ బాండ్లతో తయారయ్యే తన సూచీలో భారత్‌ను కూడా చేరుస్తామని చెప్పింది. అప్పటి నుంచి ఈ మాట మరీ ఊపందుకుంది. టీవీ చర్చల్లో అదే, మార్కెట్ నిపుణుల వ్యాసాల్లో అదే. రాజకీయ నాయకుల ప్రసంగాల్లో ఇది దేశ ప్రతిష్ఠకు గుర్తు అయిపోయింది.

అయితే లెక్కలు తీసి చూస్తే కథ కాస్త వేరేగా ఉంది. ప్రభుత్వ అప్పులో చాలా పెద్ద భాగాన్ని మోస్తున్నది న్యూయార్క్, లండన్, సింగపూర్ ఫండ్లు కాదు. బ్యాంకులో డిపాజిట్ వేసుకున్నవాళ్లు, ఎల్‌ఐసీ ప్రీమియం కట్టేవాళ్లు, నెలనెలా జీతంలోంచి పీఎఫ్ కోత పడేవాళ్లు మోస్తున్నారు. ఆ సంగతి వాళ్లలో చాలామందికి తెలియదు, అంతే.

ఇది మనకెందుకు?

బాండ్ల మార్కెట్ అనగానే అది ముంబైలో కోటు వేసుకున్నవాళ్ల వ్యవహారం అనిపిస్తుంది. కానీ ఒక చిన్న లెక్క చూడండి. 2025-26 బడ్జెట్‌లో కేంద్రం మొత్తం ఖర్చు అంచనా 50.65 లక్షల కోట్ల రూపాయలు. అందులో పాత అప్పులపై వడ్డీకే 12.76 లక్షల కోట్లు పోతుంది. అంటే ఖర్చు పెట్టే ప్రతి నాలుగు రూపాయల్లో ఒకటి వడ్డీయే. రోజుకు లెక్క వేస్తే దాదాపు 3,500 కోట్లు. అదే బడ్జెట్‌లో మైనారిటీ వ్యవహారాల శాఖకు ఏడాది మొత్తానికి ఇచ్చింది 3,350 కోట్లు. ఒక శాఖ ఏడాది కేటాయింపు కేంద్రం ఒక్క రోజు కట్టే వడ్డీకి కూడా సరిపోదన్నమాట.

అందుకే వడ్డీ రేటులో చిన్న తేడా కూడా చిన్నది కాదు. 2025-26లో కేంద్రం మార్కెట్ నుంచి తీసుకోదలచిన స్థూల అప్పు 14.82 లక్షల కోట్లు. దీని మీద వడ్డీ పావు శాతం తగ్గితే ఏడాదికి సుమారు 3,700 కోట్లు మిగులుతాయి. స్కాలర్‌షిప్పులైనా, ఆస్పత్రులైనా, రోడ్లైనా, ఆ మిగులు నుంచే రావాలి. కాబట్టి ఈ వడ్డీని ఎవరు తగ్గిస్తున్నారు, ఎవరు పెంచుతున్నారు అన్నది ఇంటి దాకా వచ్చే ప్రశ్నే.

బాండ్ ఎలా పని చేస్తుంది?

ప్రభుత్వం ఆదాయం కంటే ఎక్కువ ఖర్చు పెడుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి బాండ్లు అమ్ముతుంది. కేంద్రం తరఫున రిజర్వ్ బ్యాంకు సాధారణంగా శుక్రవారాల్లో ఈ వేలం నిర్వహిస్తుంది. ఏ వారం ఎన్ని కోట్ల బాండ్లు, ఎన్నేళ్ల గడువువి అమ్ముతారో ఆరు నెలలకోసారి ముందే క్యాలెండర్ ఇస్తారు. బాండ్లు అమ్ముడుపోకుండా మిగిలిపోయే పరిస్థితి రాకుండా ప్రైమరీ డీలర్లు అనే సంస్థలు ముందే హామీ ఉంటాయి.

ఇక్కడ ఒక్క విషయం గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా సులువు. వంద రూపాయల బాండ్ మీద ఏడాదికి 7 రూపాయలు వస్తాయనుకుందాం. గిరాకీ పెరిగి ఆ బాండ్ ధర 105 రూపాయలైతే, కొత్తగా కొన్నవాడికి వచ్చేది అదే 7 రూపాయలు. అంటే అతని రాబడి 6.7 శాతం దగ్గరకు తగ్గినట్టు. ఈ రాబడినే మార్కెట్‌లో ఈల్డ్ అంటారు. గిరాకీ పెరిగితే ఈల్డ్ తగ్గుతుంది, ప్రభుత్వానికి కొత్త అప్పు చౌకగా దొరుకుతుంది. గిరాకీ తగ్గితే దీనికి తిరగబడుతుంది. పదేళ్ల బాండ్ ఈల్డ్‌ను దేశంలో వడ్డీ రేట్లన్నిటికీ కొలబద్దగా చూస్తారు.

ఎవరి దగ్గర ఎంత ఉంది?

కేంద్ర ప్రభుత్వ బాండ్లు ఎవరి చేతిలో ఎంత ఉన్నాయో రిజర్వ్ బ్యాంకు ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది. మార్కెట్‌లో ఉన్న ఈ బాండ్ల మొత్తం విలువ 110 లక్షల కోట్ల రూపాయల పైమాటే. అందులో మూడో వంతుకు పైగా బ్యాంకుల దగ్గర ఉంది. దాదాపు నాలుగో వంతు బీమా సంస్థలది. రిజర్వ్ బ్యాంకు వాటా కొద్ది కాలంగా 10 నుంచి 15 శాతం మధ్య కదులుతోంది. ప్రావిడెంట్ ఫండ్ల దగ్గర సుమారు 4 శాతం ఉంది. మిగతాది మ్యూచువల్ ఫండ్లు, కార్పొరేట్ సంస్థలు, సహకార బ్యాంకులు, ఇతరుల దగ్గర ఉంది.

విదేశీ మదుపుదారుల వాటా? సుమారు 3 శాతం.

ఇది సూచీలో చేరిన తర్వాతి సంఖ్య. 2024 జూన్ 28న జేపీ మోర్గాన్ సూచీలో భారత్ చేరిక మొదలైంది. నెలకు ఒక శాతం చొప్పున పెంచుతూ 2025 మార్చి నాటికి 10 శాతానికి తెచ్చారు. ఆ సూచీలో ఏ దేశానికైనా అదే గరిష్ఠ పరిమితి. బ్లూంబర్గ్ సంస్థ తన వర్ధమాన దేశాల సూచీలో 2025 జనవరి నుంచి, ఎఫ్‌టీఎస్‌ఈ రసెల్ 2025 సెప్టెంబరు నుంచి చేర్చుకోవడం ప్రారంభించాయి. ఇంత జరిగినా వంద రూపాయల బాండ్లలో విదేశీయుల చేతిలో ఉన్నది మూడు రూపాయల చిల్లరే.

కొనక తప్పనివాళ్లు

మిగతా 97 రూపాయలవాళ్లు ఎందుకు కొంటున్నారు? చాలావరకు కొనక తప్పదు కాబట్టి.

బ్యాంకుల సంగతి చూద్దాం. డిపాజిట్ల రూపంలో వచ్చే ప్రతి వంద రూపాయల్లో 18 రూపాయలు ప్రభుత్వ బాండ్ల లాంటి భద్రమైన ఆస్తుల్లో పెట్టాలని నిబంధన. దీన్నే ఎస్‌ఎల్‌ఆర్ అంటారు. 1990ల మొదట్లో ఇది 38.5 శాతం ఉండేది. క్రమంగా తగ్గిస్తూ 2020 నాటికి 18కి తెచ్చారు. కానీ బ్యాంకులు 18 దగ్గర ఆగడం లేదు, అంతకంటే చాలా ఎక్కువే పెట్టుకుంటున్నాయి. అప్పు ఎగ్గొట్టే భయం లేదు, అవసరమైతే ఈ బాండ్లు తాకట్టు పెట్టి రిజర్వ్ బ్యాంకు దగ్గర డబ్బు తెచ్చుకోవచ్చు. వ్యాపారాలకు అప్పులిచ్చి మొండి బాకీలు మూటగట్టుకోవడం కంటే ఇదే నయం అనుకునే బ్యాంకు మేనేజర్లకు కొదవ లేదు.

బీమా సంస్థలకూ ఇలాంటి నిబంధనే ఉంది. జీవిత బీమా కంపెనీలు తమ నిధుల్లో కనీసం సగం ప్రభుత్వ, ఇతర ఆమోదిత సెక్యూరిటీల్లో పెట్టాలి. ఒక్క ఎల్‌ఐసీ నిర్వహణలో ఉన్న ఆస్తులే 50 లక్షల కోట్లు దాటాయి. ఇవాళ పాలసీ కట్టినవాడికి ముప్పై ఏళ్ల తర్వాత డబ్బు ఇవ్వాలి కాబట్టి, ముప్పై, నలభై ఏళ్ల బాండ్లు ఈ కంపెనీలకు సరిగ్గా సరిపోతాయి. 2023 నవంబరులో కేంద్రం ఏకంగా 50 ఏళ్ల బాండ్ అమ్మింది. అదీ ప్రధానంగా బీమా, పెన్షన్ సంస్థలను చూసుకునే.

ఈపీఎఫ్ సంగతీ అంతే. కొత్తగా వచ్చే నిధుల్లో 45 నుంచి 65 శాతం దాకా ప్రభుత్వ సెక్యూరిటీలకే వెళ్లాలి. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే టీచర్, ఫార్మా కంపెనీలో పని చేసే కుర్రాడు, ఆస్పత్రిలో నర్సు, వీళ్ల జీతంలోంచి ప్రతి నెలా కోసే పీఎఫ్‌లో సగం దాకా తిరిగి తిరిగి సర్కారు ఖజానాకే చేరుతోంది.

ఈ గిరాకీ ఏ సూచీనీ చూసి రాదు. జేపీ మోర్గాన్ ఏమన్నా, డాలర్ ఎటు పోయినా, శుక్రవారం వేలానికి వీళ్లు వస్తారు.

ఎదురు వాదనలో నిజం ఎంత?

అయితే విదేశీ డబ్బు పాత్రే లేదని కొట్టేయడం కూడా తప్పే. అటువైపు వాళ్లు చెప్పే మాటలోనూ బలం ఉంది. మొత్తం నిల్వలో వాటా చూడకూడదు, కొత్తగా వచ్చే బాండ్లలో ఎవరు ఎంత కొన్నారో చూడాలి అంటారు వాళ్లు. సంతలో ధర తేలేది ఇంట్లో ఉన్న సరుకుతో కాదు, ఆ రోజు సంతకొచ్చిన సరుకుతో, ఆ రోజు వచ్చిన బేరగాళ్లతో కదా.

ఆ లెక్కా చూద్దాం. 2024-25లో పాత బాకీలు తీర్చగా మిగిలిన కేంద్రం నికర మార్కెట్ అప్పు 11.6 లక్షల కోట్ల పైచిలుకు. ఆ ఏడాది విదేశీయులు సూచీకి అర్హత ఉన్న బాండ్లలో నికరంగా పెట్టింది లక్ష కోట్లకు కాస్త పైన. అంటే కొత్త అప్పులో సుమారు పదో వంతు. ఇది చిన్న విషయమేమీ కాదు. అంత డబ్బు అదనంగా వచ్చినప్పుడు ఈల్డ్ మీద ఎంతో కొంత ఒత్తిడి తగ్గుతుంది. పైగా విదేశీయులు వస్తారన్న ఆశతో దేశీయ బ్యాంకులే ముందుగా కొని పెట్టుకున్నాయి. ఆ ఉత్సాహం విలువ కూడా లెక్కలో వేయాలి.

కానీ పదో వంతు కొన్నవాడిని బండిని లాగుతున్న ఎద్దు అనగలమా? 2023 సెప్టెంబరులో 7.2 శాతం దరిదాపుల్లో ఉన్న పదేళ్ల ఈల్డ్ 2025 మార్చి నాటికి 6.6 దగ్గరకు వచ్చింది. అదే కాలంలో కేంద్రం ద్రవ్యలోటు జీడీపీలో 5.6 శాతం నుంచి 4.8 శాతానికి తగ్గింది. ధరల పెరుగుదల అదుపులోకి వచ్చింది. 2024 మేలో రిజర్వ్ బ్యాంకు కేంద్రానికి 2.11 లక్షల కోట్ల మిగులు బదిలీ చేసింది. 2025 ఫిబ్రవరిలో రెపో రేటు తగ్గించడం మొదలుపెట్టింది. వీటిలో ఏది ఎంత పని చేసిందో తూకం వేసి చెప్పడం కష్టం. అన్నీ ఒకే వైపు లాగుతుంటే, పేరు మాత్రం ఒక్కరికే ఎందుకు దక్కాలి?

మూడు సందర్భాలు

ఎవరి బలం ఎంతో తేలాలంటే వాళ్లు వేర్వేరు దిక్కులకు లాగిన రోజులు చూడాలి. అలాంటివి మూడు కనిపిస్తాయి.

మొదటిది, 2023 సెప్టెంబరు, అక్టోబరు. జేపీ మోర్గాన్ ప్రకటన వచ్చిన మర్నాడు బాండ్ల ధరలు ఉత్సాహంగా మొదలయ్యాయి. సాయంత్రానికి ఆ లాభమంతా ఆవిరైంది, ఈల్డ్ మళ్లీ మొదటికి వచ్చింది. సరిగ్గా రెండు వారాల తర్వాత, అక్టోబరు 6న, అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ శక్తికాంత దాస్ మార్కెట్‌లో బాండ్లు అమ్మే ఆలోచన ఉందని చెప్పారు. ఆ ఒక్క మాటతో పదేళ్ల ఈల్డ్ 7.3 శాతం దాటిపోయింది. ప్రపంచ సూచీలో చోటు దొరికిందన్న వార్త కంటే, రిజర్వ్ బ్యాంకు అమ్మొచ్చన్న మాటే ఎక్కువ పని చేసింది.

రెండోది, 2025 ఏప్రిల్, మే. సూచీలో చేరిక పూర్తయిపోయింది. అమెరికా బాండ్లకూ మన బాండ్లకూ మధ్య రాబడి తేడా బాగా తగ్గి రెండు శాతం దరిదాపుల్లోకి వచ్చింది. రూపాయి పడితే నష్టం అదనం. దాంతో విదేశీ ఫండ్లు నికరంగా అమ్మకాల వైపు తిరిగాయి. ప్రచారమే నిజమైతే ఈల్డ్ పెరగాలి. కానీ జరిగింది వేరు. మార్చి చివర 6.6 దగ్గర ఉన్న ఈల్డ్ మే ఆఖరుకు 6.3 దరిదాపులకు దిగింది. కారణం, రిజర్వ్ బ్యాంకు ఏప్రిల్‌లో 1.2 లక్షల కోట్లు, మే నెలకు మరో 1.25 లక్షల కోట్ల విలువైన బాండ్లు కొనే కార్యక్రమం ప్రకటించడం. ఏప్రిల్‌లో రెపో రేటునూ 6 శాతానికి తగ్గించింది. మేలో రికార్డు స్థాయిలో 2.69 లక్షల కోట్ల మిగులును కేంద్రానికి ఇచ్చింది. విదేశీయులు అమ్మినదాన్ని మార్కెట్ పట్టించుకోనే లేదు.

మూడోది, 2025 ఆగస్టు, సెప్టెంబరు. ఇది అన్నిటికంటే ఆసక్తికరం. రెపో రేటు అప్పటికే 5.5 శాతానికి వచ్చేసింది. అయినా ఈల్డ్ తిరిగి 6.6 దాకా ఎక్కింది. జీఎస్‌టీ తగ్గింపుతో ఆదాయం పడిపోతుందేమో, అప్పు పెరుగుతుందేమో అన్న అనుమానం ఒక కారణం. అమెరికా సుంకాల గొడవ ఇంకొకటి. వీటికి తోడు దీర్ఘకాలిక బాండ్లకు బీమా, పెన్షన్ సంస్థల నుంచి ముందున్నంత గిరాకీ రాలేదు. అప్పుడు కేంద్రం ఏం చేసింది? సెప్టెంబరు 26న ప్రకటించిన రెండో అర్ధభాగం అప్పుల ప్రణాళికలో దీర్ఘకాలిక బాండ్ల వాటా తగ్గించింది. ఇక్కడి బీమా కంపెనీ కొనడం తగ్గిస్తే సర్కారు తన క్యాలెండరే మార్చుకుంది. విదేశీ ఫండ్లు అమ్మినప్పుడు అలాంటి పని చేయాల్సిన అవసరం రాలేదు.

ప్రభుత్వానికి ఈ సంగతి బాగా తెలుసు అనడానికి ఇంకో రుజువు ఉంది. విదేశీయులు ఎంతైనా కొనుక్కునేలా 2020లో కొన్ని బాండ్లను పూర్తిగా తెరిచారు. దాన్ని ఎఫ్‌ఏఆర్ మార్గం అంటారు. సూచీలో చేరిక మొదలైన నెల తిరిగేసరికి, 2024 జూలైలో, ఇకపై జారీ చేసే 14 ఏళ్ల, 30 ఏళ్ల బాండ్లను ఆ జాబితాలోంచి తీసేశారు. పన్ను రాయితీలు ఇస్తేనే వస్తామని విదేశీ ఫండ్లు ఏళ్ల తరబడి అడిగాయి. ఇవ్వలేదు. విదేశీయులకు వడ్డీ ఆదాయంపై ఉన్న 5 శాతం తక్కువ పన్ను వెసులుబాటు 2023 జూన్‌తో ముగిస్తే దాన్నీ పొడిగించలేదు. అయినా సూచీలో చోటు దొరికింది. బతిమాలాల్సిన అవసరం ఢిల్లీకి లేదు, ఎందుకంటే ఇంటి గిరాకీ ఉంది.

అసలు ప్రమాదం ఎక్కడ?

విదేశీ డబ్బు వచ్చినప్పుడు చేసే మేలు కంటే, పోయేటప్పుడు చేసే అలజడి ఎక్కువ. అదీ బాండ్ల ద్వారా కాదు, రూపాయి ద్వారా.

2013 వేసవి గుర్తు చేసుకోవాలి. అమెరికా కేంద్ర బ్యాంకు తన బాండ్ల కొనుగోళ్లు తగ్గిస్తామని మేలో సూచన చేసింది. మన దగ్గరి ప్రభుత్వ బాండ్లలో అప్పుడూ విదేశీయుల వాటా చిన్నదే. కానీ వాళ్లు అమ్మిన రూపాయలను డాలర్లుగా మార్చుకుని పోవాలి కదా. డాలర్‌కు 54, 55 రూపాయల దగ్గరున్న మారకం ఆగస్టు 28 నాటికి 68.8కి పడిపోయింది. రూపాయిని ఆపడానికి రిజర్వ్ బ్యాంకు జూలైలో బ్యాంకులకు డబ్బు దొరికే రేటును ఒక్కసారిగా పెంచింది. ఆ దెబ్బకు పదేళ్ల ఈల్డ్ 7 శాతం పైచిలుకు నుంచి 9 దాటింది. విదేశీయులు అమ్మినందుకు కాదు, వాళ్లు పోతుంటే రూపాయిని కాపాడుకోవడానికి మనం తీసుకున్న చర్యకు ప్రభుత్వం ఎక్కువ వడ్డీ కట్టాల్సి వచ్చింది.

గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్లకు ఆ రోజులు ఇంకోలా గుర్తుంటాయి. సౌదీ రియాల్ డాలర్‌కు 3.75 దగ్గర కట్టేసి ఉంటుంది కాబట్టి, రియాల్‌కు పద్నాలుగున్నర రూపాయలు వచ్చేది పద్దెనిమిది దాటింది. జిద్దా నుంచో రియాద్ నుంచో వచ్చే డబ్బు ఎక్కువైనట్టే కనిపించింది. కానీ పెట్రోలు, వంటనూనె, బంగారం అన్నీ పెరిగాయి. పిల్లల్ని విదేశీ చదువుకు పంపినవాళ్ల ఫీజుల భారం పెరిగింది. గల్ఫ్ సంపాదన లేని పక్కింటికి మిగిలింది ధరల దెబ్బే.

ఇండోనేషియా అనుభవం ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2019లో ఆ దేశ ప్రభుత్వ బాండ్లలో 38 శాతం దాకా విదేశీయుల దగ్గర ఉండేది. కరోనా రాగానే వాళ్లు బయటికి పరుగెత్తారు. చివరికి ఆ దేశ కేంద్ర బ్యాంకే నేరుగా ప్రభుత్వ బాండ్లు కొని భారం పంచుకోవాల్సి వచ్చింది, స్థానిక బ్యాంకులూ భుజం ఇచ్చాయి. కొన్నేళ్లకే విదేశీయుల వాటా 15 శాతం దగ్గరకు పడిపోయింది. ఎండాకాలంలో వచ్చి వానాకాలంలో పోయే చుట్టాన్ని నమ్ముకుని ఇల్లు కట్టకూడదన్న పాఠం అది. ఆ లెక్కన మన 3 శాతం బలహీనత కాదు, ఒక రకంగా రక్షణ.

తెలంగాణ, ఆంధ్ర అప్పుల సంగతి

రాష్ట్రాల విషయంలో ఈ చర్చ ఇంకా తేలికగా తేలిపోతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు సాధారణంగా మంగళవారాల్లో రిజర్వ్ బ్యాంకు నిర్వహించే వేలంలో బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకుంటాయి. పేపర్లలో రాష్ట్రం మరో వెయ్యి కోట్లు, రెండు వేల కోట్లు అప్పు తెచ్చిందని తరచూ కనిపించే వార్తలు దీని గురించే. రాష్ట్రాల బాండ్లలో విదేశీయులు 2 శాతం దాకా కొనవచ్చని పరిమితి ఉంది. ఆ కాస్త పరిమితి కూడా దాదాపు ఖాళీగానే పడి ఉంటుంది. ఈ బాండ్లు ఏ ప్రపంచ సూచీలోనూ లేవు. కొంటున్నది పూర్తిగా దేశీయ బ్యాంకులు, బీమా కంపెనీలు, పీఎఫ్ సంస్థలు.

అయితే రాష్ట్రాల బాండ్ల వడ్డీ కేంద్ర బాండ్ల ఈల్డ్‌ను పట్టుకునే నడుస్తుంది. దానికి కొంత అదనం కలిపి రాష్ట్రానికి అప్పు దొరుకుతుంది. కేంద్రం ఎక్కువ అప్పు చేస్తే, లేదా ఎల్‌ఐసీ, పీఎఫ్ సంస్థల చేతిలో డబ్బు తగ్గితే, హైదరాబాద్, అమరావతి ఖజానాలకూ ఆ వేడి తగులుతుంది. ఉచిత బస్సు, పింఛన్లు, గురుకులాలు నడిచేది ఆ ఖజానాల నుంచే.

మోసేవాడికి దక్కేదేమిటి?

ఇక మిగిలింది అసలు ప్రశ్న. భారం మోస్తున్నది ఇంటి పొదుపు అయితే, ఆ పొదుపరికి ఏం వస్తోంది?

2025 జూన్‌లో స్టేట్ బ్యాంకు పొదుపు ఖాతా వడ్డీని 2.5 శాతానికి తగ్గించింది. అదే సమయంలో పదేళ్ల ప్రభుత్వ బాండ్ రాబడి 6.3 శాతం దగ్గర ఉంది. ఖాతాలో పడి ఉన్న డబ్బులో ఒక భాగాన్ని బ్యాంకు బాండ్లలో పెట్టి రెండు రెట్లకు మించి సంపాదిస్తోంది. బ్యాంకుకు శాఖల ఖర్చు, సిబ్బంది జీతాలు ఉంటాయి నిజమే. కానీ ప్రభుత్వానికి నమ్మకంగా, ప్రతి వారం, ఏ షరతూ లేకుండా అప్పు ఇస్తున్న సామాన్యుడి గురించి ఏ టీవీ చర్చా జరగదు. ఒక నెల వచ్చి ఇంకో నెల పోయే ఫండ్ గురించి గంటల తరబడి జరుగుతుంది.

నేరుగా బాండ్లు కొనే దారి ఉంది. 2021 నవంబరులో రిజర్వ్ బ్యాంకు రిటైల్ డైరెక్ట్ అనే పథకం తెచ్చింది. ఖాతా తెరవడానికి రుసుము లేదు, కనీసం 10,000 రూపాయలతో కొనవచ్చు. కానీ మొత్తం బాండ్ల సముద్రంలో ఇలా కొన్న మామూలు జనం వాటా చినుకంత.

వడ్డీ తీసుకోకూడదన్న నమ్మకం ఉన్న కుటుంబాలకు ఆ దారి కూడా పనికిరాదు. ఇక్కడే ఒక విచిత్రం ఉంది. వడ్డీ వద్దనుకుని కరెంట్ ఖాతాలో డబ్బు ఉంచినా, పొదుపు ఖాతా వడ్డీని తీసి ఇచ్చేసినా, ఆ అసలు డబ్బు ఖాళీగా కూర్చోదు. ఎస్‌ఎల్‌ఆర్ నిబంధన దానికీ వర్తిస్తుంది. దానిమీద వచ్చే రాబడి బ్యాంకుకు మిగులుతుంది. మలేషియా, ఇండోనేషియా ప్రభుత్వాలు వడ్డీకి బదులు ఆస్తుల ఆదాయంలో వాటా ఇచ్చే సుకూక్‌లను క్రమం తప్పకుండా అమ్ముతాయి. బ్రిటన్ కూడా 2014లో 20 కోట్ల పౌండ్ల సుకూక్ జారీ చేసింది. మన దగ్గర 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌కు దారి ఇవ్వాలని సూచించింది. 2017 నాటికి రిజర్వ్ బ్యాంకు ఆ ఆలోచనను పక్కన పెట్టేసింది. విదేశీ మదుపుదారుల కోసం నిబంధనలు మార్చడానికి ఏళ్ల తరబడి కసరత్తు చేసిన వ్యవస్థ, దేశంలోనే బ్యాంకు గడప తొక్కడానికి సంకోచించే కోట్ల మంది పొదుపు గురించి అంత శ్రద్ధ పెట్టలేదు. ఇది మతం ప్రశ్న మాత్రమే కాదు. అప్పు ఇచ్చేవాళ్ల సంఖ్య పెంచుకోవాలనుకునే ఖజానాకు కూడా ఇది లెక్క ప్రశ్నే.

ఇకపై వార్త చదివేటప్పుడు

విదేశీ పెట్టుబడులు వచ్చాయని, పోయాయని వచ్చే వార్తలు ఆగవు. వాటిని చదివేటప్పుడు మరో నాలుగు విషయాలు పక్కన పెట్టుకుంటే బొమ్మ సరిగ్గా కనిపిస్తుంది. ఆ ఏడాది కేంద్రం ఎంత అప్పు చేయబోతోంది? రిజర్వ్ బ్యాంకు బాండ్లు కొంటోందా, అమ్ముతోందా? బ్యాంకుల్లో డిపాజిట్లు పెరుగుతున్నాయా? బీమా ప్రీమియంలు, పీఎఫ్ జమలు ఎలా ఉన్నాయి? బాండ్ల గిరాకీ చాలావరకు ఈ నాలుగింటి మీదే నిలబడి ఉంది.

వీటిలో మూడో దానికి పగుళ్లు పడే సూచనలు అప్పుడప్పుడు కనిపిస్తున్నాయి. తక్కువ వడ్డీతో విసిగిన జనం డబ్బును మ్యూచువల్ ఫండ్లకు, షేర్లకు, బంగారానికి మళ్లిస్తున్నారు. ఆ మళ్లింపు ఇంకా పెరిగితే, శుక్రవారం వేలంలో తగ్గేది విదేశీ బేరగాడు కాదు, ఇన్నాళ్లూ మాట్లాడకుండా కొంటూ వచ్చిన ఇంటి బేరగాడు. ఆ లోటును 3 శాతంవాళ్లు పూడ్చలేరు. అప్పుడు ప్రభుత్వానికి ఉండేవి రెండే దారులు: ఎక్కువ వడ్డీ ఇవ్వడం, లేదా తక్కువ అప్పు చేయడం.